పరుగూ నేర్పాల్సిందే

(మార్కాపురంలో ఒక వ్యాయామోపాధ్యాయుని పేరిట జరిగిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో ఆయన్ని ఇక్కడున్నవాళ్ళలో చాలామంది పేరు పెట్టి పిలిచి ఎరగరు. డ్రిల్లు మాస్టారు, అంతే. ఆహ్వానపత్రికలో పేరు చూసి "ఈయనెవరు?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారట. అందుకని నేనూ మాస్టారనే అంటాను. ఆయన వరుసలో నిలబెట్టిన పిల్లల్లో కాలు ఈడ్చేవాళ్ళూ, మునివేళ్ళ మీద నడిచేవాళ్ళూ ఉండేవాళ్ళు. అలాంటి పిల్లల్ని ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోబెట్టి, మిగతావాళ్ళ చెప్పులకు కాపలా పెట్టడం మన బడుల్లో ఆనవాయితీ. మాస్టారు అలా పెట్టలేదు. చేతికి విజిల్ ఇచ్చి గీత వెంబడి అటూ ఇటూ తిరగమనేవారు. అది వైద్యమని ఆయన అనుకుని ఉండరు. ఆటల పీరియడ్‌లో కూర్చోవడమేమిటన్నది ఒక్కటే ఆయన లెక్క. నేను ఫిజియోథెరపీ చదివి, సెరిబ్రల్ పాల్సీ, క్లుప్తంగా సీపీ ఉన్న పిల్లలతో పనిచేసి, వైద్యశాస్త్రం చాలా చుట్టు తిరిగి ఆయనున్న చోటికే వచ్చిందని ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

ముందు ఈ పిల్లలెవరో చూద్దాం. మన ఇళ్ళలో ఈ కథ ఎప్పుడూ కాన్పుతో మొదలవుతుంది. "పుట్టగానే ఏడవలేదు సార్." "ఉమ్మనీరు మింగాడన్నారు." "నెలలు నిండకుండా పుట్టింది, గాజుపెట్టెలో పెట్టారు." "పచ్చకామెర్లు వచ్చినాయి, ఎండలో చూపించమన్నారు, తగ్గలేదు, ఫిట్స్ వచ్చినాయి." ఇవన్నీ నిజంగా కారణాలు కాగలవు. మెదడు ఇంకా ఎదుగుతున్న దశలో, అంటే కడుపులోనో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో దానికి దెబ్బ తగిలితే కండరాల మీద అదుపు తప్పుతుంది. ఆ దెబ్బ మళ్ళీ పెరగదు. కానీ పిల్లవాడు పెరుగుతాడు, ఎముకలు సాగుతాయి, బిగుసుకున్న కండరాలు వాటితో సమానంగా సాగవు. అందుకే నాలుగేళ్ళప్పుడు బాగానే నడిచిన పిల్ల పదేళ్ళకు మోకాళ్ళు వంచి నడుస్తుంది.

విలియం జాన్ లిటిల్ అనే లండన్ వైద్యుడు 1862లో కష్టమైన కాన్పులకూ ఈ పిల్లల బిగుసుకున్న కాళ్ళకూ ముడి వేసి ఒక పత్రం ప్రచురించాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన పాదమే వంకరపోయింది. ముప్పై అయిదేళ్ళ తర్వాత సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును, మనకు కలల డాక్టరుగా తెలిసిన ఫ్రాయిడే, ఇంకో ప్రశ్న వేశాడు. కాన్పు కష్టమవడానికే కడుపులో అంతకుముందు జరిగిన ఏదో తేడా కారణం కావచ్చు కదా అన్నాడు. ఈ పాత వాదం మీ ముందు పెట్టడానికి ఒక కారణం ఉంది. గ్రహణంనాడు బయటికి వెళ్ళినందుకో, కూలిపనికి పోయి బరువులెత్తినందుకో ఇలా జరిగిందని మన తల్లులు ఏళ్ళ తరబడి తమని తాము తిట్టుకుంటున్నారు, అత్తగార్లు దానికి వంత పాడుతున్నారు. చాలామంది పిల్లల్లో ఇదీ కారణమని ఒక్క మాటలో వేలుపెట్టి చూపడం ఇప్పటికీ డాక్టర్లకే సాధ్యం కావడం లేదు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. దానివల్ల పళ్ళు గారపట్టడం, నడుము వంగడం, పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం మనకు కొత్త కాదు. దాంతో కాళ్ళు తేడాగా ఉన్న ప్రతి పిల్లనీ "నీళ్ళ దోషం" అనేసి వదిలేస్తారు. ఫ్లోరైడు ఎముకను పట్టుకుంటుంది. సీపీలో పుట్టినప్పుడు ఎముక బాగానే ఉంటుంది, లోపం మెదడు పంపే ఆజ్ఞలో ఉంటుంది. తేడా పోల్చుకోవడం పెద్ద విద్య కాదు. పిల్ల ఎనిమిది నెలలు దాటినా కూర్చోలేదా, ఏడాది నిండకముందే ఒక చేత్తోనే అన్నీ అందుకుంటోందా, ఎత్తుకుంటే కాళ్ళు కత్తెరలా మెలిపడుతున్నాయా అన్నవి ఇంట్లోనే గమనించొచ్చు. ఇలాంటివి కనిపించిన పిల్లని నీళ్ళు మార్చి చూద్దామని ఇంట్లో ఉంచుకోకూడదు.

మరో చిక్కు పోలియో మనకు వదిలివెళ్ళిన అలవాటు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. జబ్బు పోయింది గానీ దానికోసం తయారైన ఏర్పాట్లన్నీ అలాగే ఉండిపోయాయి. క్యాంపు పెట్టడం, కొలతలు తీసుకోవడం, కాలిపర్లు, మూడుచక్రాల బండ్లు పంచడం, ఫొటో దిగడం. పోలియో కాలు వేలాడుతుంది, దానికి ఆసరా కావాలి. సీపీ కాలు చాలావరకు బిగుసుకుంటుంది, అదే సమయంలో బలహీనంగానూ ఉంటుంది. దానికి సరైన కొలత బూటు అవసరమైతే అవ్వొచ్చు, కానీ బూటు తొడిగి ఇంటికి పంపిస్తే పని పూర్తయినట్టు కాదు. ఒక్కరోజు క్యాంపులో నేర్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

బిగువూ బలహీనతా ఒకే కాలిలో కలిసి ఉంటాయన్న ఈ సంగతి దగ్గరే మా వృత్తివాళ్ళు కూడా చాలాకాలం తికమకపడ్డారు. బిగుసుకున్న కండరానికి బలం పెంచే కసరత్తు చేయిస్తే ఇంకా బిగుసుకుంటుందని పాఠాల్లో చెప్పేవారు. అందుకని పిల్లని బల్లమీద పడుకోబెట్టి కాళ్ళు సాగదీయడం, అటూ ఇటూ వంచడమే వైద్యమైంది. ఇళ్ళలో దీనికి నూనె రుద్దడం తోడైంది. నూనె రుద్దడంలో తప్పేం లేదు, పిల్లకు హాయిగా ఉంటుంది, తల్లి చెయ్యి తగులుతుంది. కానీ రుద్దినందువల్ల ఎవరూ నడక నేర్చుకోలేదు. 1990ల నుంచి అమెరికాలో డయాన్ డామియానో వంటివాళ్ళు బలం పెంచే కసరత్తులు చేయించి చూశారు. బిగువు పెరగలేదు, బలం పెరిగింది. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్ బృందం 2013లోనూ మళ్ళీ 2020లోనూ సీపీకి చేసే వైద్యాలన్నిటి మీదా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టి వాటికి సిగ్నల్ దీపాల్లాగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు కేటాయించింది. ఇంకొకళ్ళు పిల్ల కాళ్ళని కదిలిస్తూ ఉండే పద్ధతులకు మంచి రంగు దక్కలేదు. పిల్ల తాను చేయాలనుకున్న పనినే, తానే, అసలు చోటులోనే, పదేపదే చేయడానికి ఆకుపచ్చ పడింది. మెట్లెక్కాలంటే మెట్ల మీద, బస్సెక్కాలంటే బస్సు దగ్గర నేర్చుకోవాలన్నమాట. పరుగు కావాలంటే గ్రౌండుకు రావాలి.

ఇక్కడ తల్లిదండ్రులు నన్ను ఆపుతారు. "పరుగెందుకు సార్, నడిస్తే చాలు" అంటారు. ఎన్ని ఇళ్ళలో విన్నానో ఈ మాట. దాని వెనక ఎంత అలసట ఉందో తెలుసు కాబట్టి కోపం రాదు, కానీ ఒప్పుకోను. బడి గంట కొట్టగానే పిల్లలందరూ పరిగెత్తుతారు. మధ్యాహ్నభోజనం వరుసకు పరిగెత్తుతారు, వాన పడితే వరండాలోకి పరిగెత్తుతారు. నడవడం మాత్రమే వచ్చిన పిల్ల రోజూ అన్నిటికీ చివర ఉంటుంది. ఆటలో చోటు దొరకదు, ఆటలో లేకపోతే స్నేహితులు దొరకరు. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి ఇంట్లో కూర్చోవడం మొదలవుతుంది. సీపీ పిల్లలకు నడవడానికే తోటిపిల్లల కన్నా రెండు మూడు రెట్లు శక్తి ఖర్చవుతుంది. ఒళ్ళు పెరిగేకొద్దీ ఆ ఖర్చు భరించలేక నడక మానేసే ప్రమాదం ఉంది. పరుగు నేర్పేటప్పుడు గుండెకూ ఊపిరికీ వచ్చే దమ్ము వాళ్ళకు మామూలు నడకలోనే పనికొస్తుంది.

పరుగంటే వేగంగా నడవడం కాదని కూడా చెప్పాలి. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేలమీద ఉంటుంది. పరుగులో ఒక లిప్తకాలం రెండూ గాలిలో ఉంటాయి. ఆ లిప్తపాటు గాలిలోకి లేవాలంటే పిక్క నేలను గట్టిగా తన్నాలి, తుంటి దగ్గరి కండరాలు తొడను ముందుకు విసరాలి, కిందికి దిగిన కాలు ఒక్కటే ఒంటి బరువంతా కాయాలి. సీపీ పిల్లల్లో చాలామందికి పిక్కబలం బాగా తక్కువ. మునివేళ్ళ మీద నడుస్తారు కాబట్టి పిక్క బలంగా ఉందని చూసేవాళ్ళు అనుకుంటారు గానీ బిగుసుకోవడం వేరు, తన్నగలగడం వేరు. వాళ్ళలో కొందరు తుంటి బలం మీద పరుగు సాధిస్తారు. అందుకే మడమ ముందు దిగాలి, నడుము నిటారుగా ఉండాలి అని చూడముచ్చటైన పరుగు కోసం పట్టుబట్టకూడదు. పిల్ల ముందుకు వెళ్తోందా, పడకుండా ఆగగలుగుతోందా, తిరగగలుగుతోందా, అంతవరకే చూడాలి.

దీన్నెలా నేర్పాలన్నది చెప్పడానికి నాకు విదేశీ యంత్రాలేవీ అక్కర్లేదు. పలకలు తయారయ్యే మార్కాపురంలో పిల్లలకు పలక ముక్కలు కరువా? తొక్కుడు బిళ్ళకు అంతకంటే మంచి బిళ్ళ లేదు. తొక్కుడు బిళ్ళ ఆడే పిల్ల ఒంటికాలి మీద గెంతుతుంది, ఆగుతుంది, వంగి బిళ్ళ తీసుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. మా పాఠ్యపుస్తకాల్లో ఇవి నాలుగు వేర్వేరు కసరత్తులు. మొదట్లో రెండు కాళ్ళతో గెంతనివ్వండి, అన్న చెయ్యి పట్టుకోనివ్వండి, గళ్ళు చిన్నవి గీయండి. నేల–బండ ఆట ఇంకా మంచిది. దొంగ వచ్చేలోపు బండ ఎక్కాలి, దొంగ దూరం పోగానే దిగాలి. అరుగు ఎత్తు ఎక్కువైతే రాతిపలకలు రెండు పేర్చి చిన్న బండ తయారు చెయ్యొచ్చు. అంచులు కోసుకోకుండా, కాలు వేస్తే కదలకుండా మట్టిలో పాతిపెట్టండి. అదే మెట్టు మీద మునివేళ్ళు ఆనించి మడమలు కిందికి దించుతూ పైకి లేపుతూ ఉంటే పిక్క సాగడమూ బలపడడమూ ఒకేసారి జరుగుతాయి. కుంటాట, ఖోఖోలో కూర్చుని లేవడం, నాలుగు స్తంభాలాటలో ఠక్కున బయల్దేరి ఠక్కున ఆగడం, అన్నీ పనికొస్తాయి. మన ఊరి ఆటలు కనిపెట్టిన పెద్దలెవరో గానీ కండరాల సంగతి బాగా తెలిసినవాళ్ళు.

ఆటతోనే సరిపెట్టుకోకుండా లెక్కప్రకారం చేయించాలనుకునే వ్యాయామోపాధ్యాయుల కోసం ఒక పద్ధతి చెబుతాను. నెదర్లాండ్స్‌లో ఓలాఫ్ వెర్షురెన్ అనే పరిశోధకుడు సీపీ పిల్లల కండరాల సత్తువ కొలవడానికి వాడే పరీక్ష ఇది. 15 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయాలి, ఈ గీత నుంచి ఆ గీతకు పిల్ల శక్తికొద్దీ వెళ్ళాలి. 10 సెకన్ల విరామం తర్వాత మళ్ళీ. మొత్తం ఆరుసార్లు. ఒక స్టాప్‌వాచ్, ఒక సుద్దముక్క ఉంటే చాలు. నెలకోసారి అంకెలు నోటుబుక్కులో రాస్తే పిల్ల తన అంకెతోనే పోటీపడుతుంది, పక్కవాళ్ళతో పోలిక పెట్టనక్కర్లేదు.

అదే వెర్షురెన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సీపీ పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, 8 నెలలపాటు పరుగు, గెంతడం, మెట్లెక్కడం వంటివి చేయించారు. దమ్ము పెరిగింది, చురుకుదనం పెరిగింది. శిక్షణ ఆపేసిన కొన్ని నెలలకు మళ్ళీ చూస్తే వచ్చిన లాభంలో కొంత జారిపోయింది. ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో మొదటిదాని కన్నా అదే ముఖ్యం. ఒక ఏడాది కోర్సులా చేయించి ముగించేది కాదిది. కాబట్టి ఇది ఆసుపత్రిలో ఇమడదు, బడిలోనే ఇముడుతుంది.

మన దూరాలు చూడండి. గిద్దలూరు నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి దాదాపు 150 కిలోమీటర్లు. దోర్నాల, యర్రగొండపాలెం అవతల అడవి అంచు గూడేల నుంచైతే మార్కాపురం రావడమే ఒక రోజు పని. కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, పదేళ్ళ పిల్లని చంకనేసుకుని వచ్చే తల్లి నడుము పోతుంది. మండలాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడి టీచర్లు నిజంగా కష్టపడుతున్నారు. ఫిజియో మాత్రం వారంలో ఏదో ఒక రోజు వస్తాడు. వారానికొక గంటతో ఏ పిల్లా పరుగు నేర్చుకోదు. ఆ గంటలో ఫిజియో చేయాల్సిన అసలు పని పిల్ల కాళ్ళు వంచడం కాదు, మిగతా రోజుల్లో ఏం చేయించాలో డ్రిల్లు మాస్టారికీ ఇంట్లోవాళ్ళకూ చూపించడం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ తెరిచి చూడండి. బడిలో చేర్చుకోవడం గురించి చెప్పిన వాక్యంలోనే మిగతా పిల్లలతో సమానంగా ఆటల అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. చెట్టుకింద చెప్పుల కాపలా చట్టవిరుద్ధమని దానర్థం.

వలస సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. వానలు లేని ఏడాది మన పల్లెలు హైదరాబాదు, బెంగళూరు, గుంటూరు దారులు పడతాయి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం 1996లో శంకుస్థాపన చేసిన నాటినుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాం. తల్లిదండ్రులు పనికి పోతే సీపీ పిల్ల అవ్వాతాతల దగ్గర మంచం మీద ఉండిపోతుంది. అవ్వ ప్రేమకు లోటుండదు, అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది, ఎక్కడికీ కదలనివ్వదు. పండక్కి తల్లి తిరిగొచ్చేసరికి మోకాళ్ళు ఇంకాస్త వంగి ఉంటాయి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. తిరిగి పరిశీలనలు జరుగుతాయని వార్త వచ్చినప్పుడల్లా తల్లులు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడుగుతారు: "సార్, వీడు బాగా పరిగెత్తితే పర్సంటేజి తగ్గిస్తారా?" దీన్ని దురాశ అనేవాళ్ళు ఆ ఇళ్ళకు వెళ్ళి చూడాలి. కరువు ఏడాది ఆ ఇంట్లో నిలకడగా వచ్చే డబ్బు అదొక్కటే కావచ్చు. పిల్ల బాగుపడడానికీ ఇంట్లో పొయ్యి వెలగడానికీ మధ్య తల్లి ఎంచుకోవాల్సిన స్థితి మనం తెచ్చాం. పరిగెత్తడం వచ్చినంత మాత్రాన మెదడులో దెబ్బ మాయం కాదు. చేతి అదుపు, మాట, చూపు, ఫిట్స్, అలసట అన్నీ కలిపి చూడాల్సిన లెక్క ఇది. పరీక్ష చేసే డాక్టర్లకు నా విన్నపం ఒకటే. పిల్ల గదిలో పది అడుగులు ఎలా వేసిందని మాత్రమే చూడకండి, బడి నుంచి ఇంటికి వెళ్ళేసరికి దాని ఒంట్లో ఏం మిగిలిందో తల్లిని అడగండి. దివ్యాంగుల సంఘాల నాయకులు పింఛను ఎంత పెంచాలన్నదాని గురించే కాక, శిక్షణ తీసుకుంటున్న పిల్లకు 18 ఏళ్ళు వచ్చేదాకా కోత పెట్టకూడదని కూడా అడగాలి.

ఎవరు పరిగెత్తగలరు, ఎవరికి అది కుదరదు అన్నది కూడా నిజాయితీగా చెప్పాలి. కెనడాలో రాబర్ట్ పాలిసానో, పీటర్ రోజెన్‌బామ్ బృందం 1997లో సీపీ పిల్లల కదలికను అయిదు స్థాయిలుగా విభజించింది. ప్రపంచమంతా ఇప్పుడు అదే వాడుతోంది. మొదటి స్థాయి పిల్లలు పరిగెత్తగలరు, గెంతగలరు, వేగమూ తూకమూ తక్కువ. రెండో స్థాయివాళ్ళకు పరుగు కష్టం, అయినా నేర్పితే కొంత వస్తుంది. మూడో స్థాయివాళ్ళు చేతికర్రలతోనో వాకరుతోనో నడుస్తారు. నాలుగు, అయిదు స్థాయుల పిల్లలకు చక్రాల కుర్చీ కావాలి. తల్లికి ఈ సంగతి మొదట్లోనే చెప్పకుండా "చేస్తూ ఉండండి, లేచి పరిగెత్తుతాడు" అని డబ్బులు గుంజేవాళ్ళు మన చుట్టుపక్కల తక్కువేం లేరు.

అలాగని పెద్ద స్థాయుల పిల్లల్ని మంచానికి వదిలేయమని కాదు. డెన్మార్క్‌లో 1990ల మొదట్లో తయారైన ఒక మూడుచక్రాల చట్రం ఉంది, పెడళ్ళుండవు. పిల్ల జీనుమీద కూర్చుని, ఛాతీకి ఒక మెత్తటి పలక ఆనించి, నేలను కాళ్ళతో తన్నుతూ పోతుంది. ఫ్రేమ్ రన్నింగ్ అంటారు. ఇప్పుడది ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో ఒక పోటీ. సొంతంగా నిలబడలేని పిల్లలు కూడా దానిమీద చెమట పట్టేలా పరిగెత్తుతారు. మెక్సికో కొండప్రాంతపు అహోయా అనే పల్లెలో వైకల్యమున్న పెద్దవాళ్ళే నడిపిన ప్రోహిమో కేంద్రం అనుభవాలతో డేవిడ్ వెర్నర్ 1987లో పల్లెటూరి పిల్లల కోసం పెద్ద పుస్తకమొకటి తెచ్చాడు. అందులో కర్రలతో, పాత టైర్లతో, సైకిల్ చక్రాలతో చేసుకునే పరికరాల బొమ్మలు పేజీల కొద్దీ ఉన్నాయి. మన ఊళ్ళో గేట్లు, ట్రాలీలు చేసే వెల్డింగు షాపులవాళ్ళు ఇలాంటి చట్రం చేయలేరని నేననుకోను. పిల్ల కొలతలు ఫిజియో తీసివ్వాలి, బ్రేకు మాత్రం తప్పకుండా ఉండాలి.

జాగ్రత్తలు రెండు మూడు. నడవలేని పిల్లలకు తుంటి కీలు మెల్లగా జారే ప్రమాదం ఎక్కువ. అయిదో స్థాయిలో పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి ఆ ముప్పుంది. నొప్పి లేకపోయినా అప్పుడప్పుడు తుంటి ఎక్స్‌రే తీయించాలి. ఫిట్స్ మందులు ఒక్కపూట కూడా మానకూడదు. ఎండాకాలం మన దగ్గర పొద్దున ఏడు దాటితే గ్రౌండు వద్దు. మోకాళ్ళు కొట్టుకుపోతే భయపడకండి, పరుగు నేర్చుకునే ఏ పిల్లకైనా అది మామూలే.

ఇద్దరు అమ్మాయిల గురించి చెప్పాలి. మన తెలుగమ్మాయి జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడలో కూలిపని చేసే తల్లిదండ్రులకు పుట్టింది. ఆమెది మేధోపరమైన వైకల్యం, సీపీ కాదు. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది, ప్యారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమె పరుగును గుర్తించి మైదానంలో పెట్టిన నాగపురి రమేష్ వంటి శిక్షకులు లేకపోతే ఆ పేరు మనకు తెలిసేది కాదు. రెండో అమ్మాయి ఉత్తరప్రదేశ్‌కు చెందిన ప్రీతి పాల్. ఈమెది సీపీయే. చిన్నప్పుడు ఏళ్ళ తరబడి కాలిపర్లు తొడుక్కుంది. అదే ప్యారిస్‌లో 100 మీటర్లు 14.21 సెకన్లలో, 200 మీటర్లు 30.01 సెకన్లలో పరిగెత్తి రెండు కంచు పతకాలు గెలిచింది. పారాలింపిక్స్ ట్రాక్ మీద మన దేశానికి అంతకుముందు ఒక్క పతకం కూడా లేదు. మన పిల్లలందరూ పతకాలు తేవాలని నేననను, అలా అనేవాళ్ళంటే నాకు కొంచెం చిరాకు కూడా. ఆ వీడియో మాత్రం తల్లులకు చూపిస్తాను. బిగుసుకున్న మోచెయ్యి, లోపలికి తిరిగే మోకాలు వాళ్ళు వెంటనే గుర్తుపడతారు. "అచ్చం మా పిల్లలాగే సార్" అంటారు. ఆ తర్వాత "నడిస్తే చాలు" అనడం తగ్గుతుంది.

నిర్వాహకులు ఇచ్చిన టైము అయిపోవచ్చింది. ఈ సభలో వ్యాయామోపాధ్యాయులు, భవిత కేంద్రాల టీచర్లు చాలామంది కనిపిస్తున్నారు. టీలు తాగాక వెళ్ళిపోకుండా కాసేపు వెనక వరండాలో ఆగండి. ఏ బడిలో ఎంతమంది సీపీ పిల్లలున్నారో, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ఒక కాగితం మీద రాసుకుందాం. 15 మీటర్ల గీతలు ముందుగా ఏ బడిలో గీస్తామో, ఫిజియో వచ్చే రోజునే ఆటల పీరియడ్ పెట్టడం ఏ హెడ్మాస్టర్‌కు కుదురుతుందో అక్కడే తేల్చుకుందాం. స్టాప్‌వాచ్‌లు నేను తెచ్చాను.